చనిపోయానని నేను నమ్మిన నెలలు

మనిషి బతికి ఉండగానే తాను చనిపోయానని నమ్మే జబ్బు ఒకటి ఉందనీ, దానికి కోటార్డ్ సిండ్రోమ్ అనే పేరు ఉందనీ నాకు తెలిసేనాటికి నేను ఆ జబ్బులోంచి చాలావరకు బయటపడ్డాను. తపాలా శాఖలో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా పదవీ విరమణ చేసి, గోదావరి ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో భార్యతో కలిసి ఉంటున్నవాణ్ణి. ఇది రాయడానికి నా జ్ఞాపకం ఒక్కటే చాలదు, ఎందుకంటే ఆసుపత్రిలో గడిపిన కాలంలో కొంత భాగం నా తలలోంచి చెరిగిపోయింది. అక్కడ మా ఆవిడ చెప్పినదాన్నీ, డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్నదాన్నీ ఆధారం చేసుకున్నాను. నమ్మకం గట్టిగా ఉన్న నెలలు మాత్రం నాకు బాగా గుర్తున్నాయి.

మొదట దెబ్బతిన్నది నిద్ర. ఎప్పుడు పడుకున్నా తెల్లవారుజామున మూడింటికల్లా మెలకువ వచ్చేసేది, ఆపైన కన్ను మూతపడేది కాదు. ఆ తర్వాత రుచి పోయింది. గోంగూర పచ్చడీ పెరుగన్నమూ నోటికి ఒకే తీరుగా తగిలేవి. మలబద్ధకం పట్టుకుంది. రిటైరైన వాళ్లకు ఇవన్నీ మామూలేనని చుట్టాలు అన్నారు, మా ఊరి డాక్టరు గారు గ్యాస్ మాత్రలూ బి-కాంప్లెక్సూ రాశారు. ఇంతవరకు ఏ డిప్రెషన్‌లోనైనా కనిపించేవే. వేసవి సెలవులకు మనవడు వచ్చిన రోజున నాకు అసలు తేడా తెలిసింది. వాడు ఆటో దిగుతూనే పరుగెత్తుకొచ్చి నా నడుము వాటేసుకున్నాడు. వాడు నా మనవడేనని తెలుసు, నిరుటి కంటే పొడుగయ్యాడని కూడా గమనించాను, కానీ లోపల ఏదీ కదలలేదు. కనీసం బాధ కూడా కలగలేదు.

వానాకాలం నాటికి నేను దీనికి కారణం వెతకడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం నగదు, స్టాంపులు, పొదుపు ఖాతాల వోచర్లు అన్నీ సరిపోతే తప్ప ఆఫీసుకు తాళం వేయని ఉద్యోగం నాది. అదే పద్ధతిలో నా ఒంటిని లెక్క చూసుకున్నాను. ఆకలి లేదు కాబట్టి కడుపు లేదు. విరేచనం కావడం లేదు కాబట్టి పేగులు ఎండిపోయాయి. మనవణ్ణి చూసినా ఏమీ అనిపించలేదు కాబట్టి గుండె ఆగిపోయింది. ఇలా ఒక్కొక్కటీ కొట్టివేస్తూ పోగా చివరికి మిగిలింది ఒక్కటే: నేను చనిపోయాను, ఆ సంగతి ఇంట్లోవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. అది తట్టినప్పుడు నాకు భయం వేయలేదు. లెక్క తేలిందన్న తెరిపి కలిగింది.

మా ఆవిడ నా చేతిని తీసి నా ఛాతీ మీదే పెట్టి, “ఇదిగో కొట్టుకుంటోంది కదండీ, పోయినవాళ్లకి గుండె కొట్టుకుంటుందా?” అని అడిగింది. “పోయిన నాకు కొట్టుకుంటోంది కాబట్టి, గుండె కొట్టుకోవడం బతికున్నదానికి రుజువు కాదన్నమాట” అన్నాను. తర్కంలో నన్ను ఓడించడం ఎవరి వల్లా కాలేదు. బ్రిటన్‌లో ఆండ్రూ యంగ్, కేట్ లీఫ్‌హెడ్ అనే పరిశోధకులు 1996లో వివరించిన ఒక రోగిణి కూడా సుమారుగా ఇదే జవాబు చెప్పిందని తర్వాత తెలిసినప్పుడు, ఆ జవాబు నా సొంత తెలివి కాదనీ, జబ్బు పలికించిన పలుకనీ అర్థమైంది.

దీనికి తోడు నేరం చేశానన్న భావన ఒకటి పట్టుకుంది. సర్వీసులో ఎవరో ముసలావిడ పొదుపు సొమ్ము తినేశాననీ, అందుకే చనిపోయి కూడా విముక్తి లేకుండా ఇదే ఇంట్లో తిరుగుతున్నాననీ అనుకునేవాణ్ణి. అలాంటి ఫిర్యాదు గానీ ఆడిట్ అభ్యంతరం గానీ నా మీద ఎన్నడూ లేదు. లేకపోవడమే అనుమానాస్పదంగా తోచేది.

నవంబరు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా ఆ నెలలో తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ పేరుతో ఇది వేలిముద్ర మీద జరిగిపోతోంది, ఇటీవలి సంవత్సరాల్లో పోస్ట్‌మాన్ ఇంటికే వచ్చి చేసిపెడుతున్నాడు. మా ఇంటికి వచ్చిన పోస్ట్‌మాన్ ఒకప్పుడు నా ఆఫీసులో పనిచేసినవాడే. “ఒక్క వేలు పెట్టండి సార్, చాలు” అని పరికరాన్ని ముందుకు జరిపాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, చనిపోయినవాడి పేరిట సర్టిఫికెట్ పుట్టించడం మోసమనీ, డిపార్ట్‌మెంటు ఉప్పు తిన్నవాణ్ణి ఆ పని చేయలేననీ, మా ఆవిడకు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పెట్టించడమే సరైన పద్ధతనీ అతనికి వివరంగా చెప్పాను. ఇద్దరూ బతిమాలాక వేలు పెట్టాను. వయసు మీరినవాళ్ల వేళ్ల గీతలు అరిగిపోయి యంత్రానికి అందకపోవడం ఎక్కడైనా జరిగేదే. నా వేలిముద్ర సరిపోలలేదని తెరమీద వచ్చింది. వేలు తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించాడు, వేరే వేలు పెట్టించాడు, ఏదీ కుదరలేదు. అతను తల గోక్కుంటూ సిగ్నల్‌ను తిడుతుంటే, నేను మాత్రం భారత ప్రభుత్వమే నా మరణాన్ని ధ్రువీకరించిందన్న నిశ్చయంతో లోపలికి వెళ్లి పడుకున్నాను. (కోలుకున్నాక మా అబ్బాయి ఫోనులో ముఖం చూపించి ఆ పని పూర్తి చేశాడు, ఆగిన పెన్షన్ బకాయితో సహా పడింది.)

ఆ రోజు తర్వాత నేను అన్నం పూర్తిగా మానేశాను. పోయినవాడికి పెట్టేది పిండం గానీ కంచంలో అన్నం కాదని మా ఆవిడతో వాదించేవాణ్ణి. పదో రోజు ఎప్పుడు చేస్తున్నారని హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేసి అడిగాను. వాడు ఆ రాత్రే బయల్దేరి వచ్చాడు. చుట్టాల్లో ఒకరు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఇంకొకరు, ఆ కర్మేదో ఉత్తుత్తిగా జరిపిస్తే మనసు కుదుటపడుతుందేమోనన్నారు. మా ఆవిడ ఆ మాటకు అగ్గిమీద గుగ్గిలమైందట. ఆమె చేసిన మేలు ఎంతటిదో ఇప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే నా వాళ్లే నాకు పిండం పెట్టి ఉంటే నా నమ్మకానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేకపోయేది. మంచినీళ్లు కూడా మానేసరికి మా అబ్బాయి నన్ను కారులో విశాఖపట్నం తీసుకువెళ్లాడు.

అక్కడ నేను చేరడానికి ఒప్పుకోలేదు, శవాన్ని ఆసుపత్రిలో చేర్చుకోవడం ఏమిటన్నాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి పరిస్థితికి ఒక దారి పెట్టింది. రోగి తనను తాను చూసుకోలేక ప్రాణం మీదికి తెచ్చుకునే స్థితిలో ఉంటే, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి ఏకాభిప్రాయానికి వస్తే, ముప్పై రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు సైకియాట్రిస్ట్ అయి తీరాలి. నా విషయంలో అలాగే జరిగింది. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ ఇచ్చారు, ఎందుకంటే చాలాకాలం తిండి లేనివాడికి ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే, ఉన్న కాస్త బి1 విటమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. థైరాయిడ్, సోడియం, బి12, సిఫిలిస్ పరీక్షలు, ఎమ్మారై, మెదడు తరంగాలను గీతలుగా చూపే ఈఈజీ చేశారు. ఈ భ్రమ వెనక పక్షవాతం, మెదడులో గడ్డ, మూర్ఛ, డిమెన్షియా లాంటివి ఉండవచ్చు కాబట్టి ఆ వెతుకులాట తప్పదు. నా స్కానింగులో వయసుకు తగిన మార్పులే తప్ప వేరే ఏమీ లేవు. తీవ్రమైన డిప్రెషన్, దానితో పాటు భ్రమలు, ఆ భ్రమల్లో కోటార్డ్ రకం అని రాశారు.

ఈ పేరు జూల్స్ కోటార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడిది. 1880లో ఆయన పారిస్‌లో వైద్యుల సభ ముందు ఒక నలభై మూడేళ్ల స్త్రీ సంగతి వివరించాడు. తనకు మెదడు, నరాలు, రొమ్ము, కడుపు, పేగులు ఏవీ లేవనీ, ఎముకల మీద చర్మం మాత్రమే మిగిలిందనీ, దేవుడూ లేడు సైతానూ లేడనీ, తనకు తిండి అక్కర్లేదనీ ఆమె అనేది. అదే నోటితో తనకు మామూలు చావు రాదనీ, కాల్చేస్తే తప్ప అంతం లేదనీ అనేది. కోటార్డ్ దీన్ని నిరాకరణ భ్రమ అన్నాడు, ఆయన పేరు పెట్టింది తర్వాతివాళ్లు. ఆయన 1889లో, డిఫ్తీరియా సోకిన కూతురికి సేవ చేస్తూ, తానూ అదే జబ్బుతో పోయాడు. అంతకు సుమారు వందేళ్ల ముందే, 1788లో, స్విట్జర్లాండ్‌కు చెందిన చార్లెస్ బోనే ఇలాంటి ఒక వృద్ధురాలి గురించి రాశాడు. తనకు శవవస్త్రం కట్టి పెట్టెలో పడుకోబెట్టమని ఆమె ఇంట్లోవాళ్లను పోరుపెట్టిందట. పదో రోజు ఎప్పుడని నేను అడిగినట్టే ఆమె తన ఊరి ఆచారం ప్రకారం అడిగింది.

ఇది చాలా అరుదు. హాంకాంగ్‌లో 349 మంది వృద్ధ మానసిక రోగులను పరిశీలిస్తే ఇద్దరిలో కనిపించింది. 1995లో బెరియోస్, లూకే అనే ఇద్దరు వైద్యులు అప్పటిదాకా నమోదైన కేసుల్లో వందింటిని విశ్లేషించగా, 89 శాతం మందిలో డిప్రెషన్ ఉంది, 86 శాతం మంది తమ శరీర భాగాలు లేవన్నారు, 69 శాతం మంది తామే లేమన్నారు, సగానికి పైగా తమకు చావే లేదన్నారు. చనిపోయాననేవాడే చావు లేదనడం పైకి పొంతన లేనట్టు ఉంటుంది గానీ, లోపలి నుంచి చూసినవాడిగా నాకు అందులో వైరుధ్యం కనిపించదు. ఒకసారి పోయినవాడు మళ్లీ పోలేడు కదా. అలాగని ఈ రోగులు తమకు తాము హాని చేసుకోరనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. చేసుకుంటారు, తిండి మానేసి అయినా సరే.

ఇక మెదడు సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి మా డాక్టరు గారు ముందుగా కాప్‌గ్రా అనే మరో భ్రమ గురించి చెప్పారు. అందులో రోగి తన భార్యను చూసి, అచ్చం నా భార్యలాగే ఉంది గానీ ఎవరో వేషం వేసుకొచ్చిందంటాడు. ముఖాన్ని గుర్తుపట్టే దారి పనిచేస్తుంది, ఆ ముఖానికి మనసు స్పందించే దారి తెగిపోతుంది. మొదటిది మెదడులోని ఫ్యూసిఫార్మ్ ప్రాంతానికీ రెండోది అమిగ్డలాకూ సంబంధించినది. మామూలు మనుషులకు తెలిసిన ముఖం కనబడగానే చర్మంలో సన్నని చెమట మార్పు వస్తుంది, కాప్‌గ్రా రోగులకు రాదు. యంగ్ బృందం వాదన ఏమిటంటే, కోటార్డ్ రోగికీ ఇదే లోపం ఉంది, కానీ కారణాన్ని ఎటు మోపుతాడన్నదే తేడా. అనుమానం ఎక్కువున్నవాడు ఎదుటివాళ్లు మారిపోయారంటాడు, డిప్రెషన్‌లో ఉన్నవాడు మారింది తానేనంటాడు. విలయనూర్ రామచంద్రన్ ఇంకొంచెం ముందుకు వెళ్లి, కోటార్డ్‌లో ముఖాలే కాదు, అన్ని ఇంద్రియాల నుంచీ భావోద్వేగ కేంద్రాలకు వెళ్లే దారులు తెగిపోతాయేమోనన్నాడు. మనవణ్ణి చూసినప్పుడు నాకు జరిగింది ఈ వివరణకు చాలా దగ్గరగా ఉంది.

యంగ్ వివరించిన వాళ్లలో స్కాట్లండ్ యువకుడు ఒకడున్నాడు. 1989లో మోటారు సైకిల్ ప్రమాదంలో అతని మెదడు కుడివైపు, ముందుభాగం దెబ్బతిన్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక తాను చనిపోయానని నమ్మాడు. తల్లి దక్షిణాఫ్రికా తీసుకువెళ్తే, ఆ ఎండను చూసి తాను నరకంలో ఉన్నానని నిర్ధారించుకున్నాడు. ఎదురైనదాన్నల్లా సాక్ష్యంగా మార్చుకోవడం ఈ జబ్బు తీరు. వేలిముద్రల పరికరాన్ని నేను వాడుకున్నట్టే అతను ఎండను వాడుకున్నాడు. అందుకే కొందరు పరిశోధకులు ఇక్కడ రెండు లోపాలు కలవాలంటారు: విచిత్రమైన అనుభూతి ఒకటి, దానికి తట్టిన వివరణ అసంభవమని కొట్టిపారేసే శక్తి సన్నగిల్లడం ఇంకొకటి. రెండోది మెదడులో కుడివైపు ముందుభాగానికి చెందిన పనిగా భావిస్తారు.

2013లో స్టీవెన్ లారీస్, ఆడమ్ జెమాన్ తదితరులు ప్రచురించిన కేసు నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడ్డ ఒక నలభై ఎనిమిదేళ్ల మనిషి, తన మెదడు చనిపోయిందని నమ్ముతూ డాక్టర్లతో మాట్లాడుతూ తిరుగుతున్నాడు. మెదడు చురుకుదనాన్ని చూపే పెట్ స్కాన్ తీస్తే, మెదడు ముందుభాగంలోనూ, నడినెత్తి కింద ఉండే పెరైటల్ ప్రాంతంలోనూ విస్తారంగా గ్లూకోజ్ వినియోగం పడిపోయి ఉంది, స్పృహ దెబ్బతిన్న రోగుల్లో కనిపించేంతగా. అందులో డీఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అనే వలయం ముఖ్యమైనది. మనం మన గురించి, మన గతం గురించి తలపోసుకునేటప్పుడు చురుగ్గా ఉండేది అదే. ఇది ఒకే ఒక్క మనిషి స్కాన్ కాబట్టి దాని మీద మొత్తం భవనం కట్టలేము, నా స్కాన్‌లో అలాంటిదేమీ వెతకనూ లేదు. శరీరం లోపలి నుంచి వచ్చే కబుర్లను, అంటే గుండె చప్పుడు, ఆకలి, శ్వాస లాంటివాటిని, అందుకునే ఇన్సులా అనే భాగం పాత్ర కూడా ఉందని కొందరంటారు. హెర్పిస్‌కు వాడే ఎసైక్లోవిర్ మందు, కిడ్నీలు పాడైనవాళ్లలో పేరుకుపోయి ఇదే భ్రమ కలిగించిన కేసులు స్వీడన్‌లో నమోదయ్యాయి. డయాలిసిస్‌తో మందు వెళ్లిపోగానే వాళ్లు బతికినవాళ్లలో కలిశారు. చనిపోయాననే నమ్మకం కొద్ది గంటల్లో వచ్చి కొద్ది గంటల్లో పోగలదంటే, అది ఆలోచనలో పుట్టిన దోషం కాదనే నేను అనుకుంటున్నాను.

నా అనుభవాన్ని నా వృత్తి భాషలో చెప్పాలంటే, ఉత్తరాలన్నీ అందుతూనే ఉన్నాయి, కానీ దేని మీదా నా చిరునామా లేదు. నొప్పి ఉందని తెలిసేది, నాకు ఉందని తెలిసేది కాదు.

మందులు పనిచేసేంతవరకు ఆగే వ్యవధి నా ఒంటికి లేదని డాక్టరు గారు మెదడుకు కరెంటు ఇచ్చే ఈసీటీ చికిత్స ప్రతిపాదించారు. కరెంటు షాకు అనగానే మా ఆవిడ ఏడ్చింది. సినిమాల్లో చూసినదే కళ్ల ముందు కదిలింది. 1938లో రోమ్‌లో సెర్లెట్టి, బినీ మొదలుపెట్టినప్పుడు మత్తు లేకుండానే ఇచ్చేవారు, నిజమే. ఇప్పుడు మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడాన్ని 2017 చట్టమే నిషేధించింది. నన్ను అడిగితే, “చచ్చినవాడికి ఏం చేస్తే ఏం, కానివ్వండి” అన్నాను. డాక్టరు గారు దాన్ని అంగీకారంగా రాసుకోలేదు. అది ఒప్పుకోలు కాదు, జబ్బు మాట్లాడటమేనని చెప్పి, మా అబ్బాయికి లాభనష్టాలన్నీ వివరించి సంతకం తీసుకున్నారు. ఆయన మీద గౌరవం నాకు అక్కడే కలిగి ఉండాలి, అప్పుడు అదీ కలగలేదు.

ముందురోజు అర్ధరాత్రి నుంచి ఏమీ తాగనివ్వలేదు, దానికి నాకు పెద్ద కష్టం లేదు. పొద్దున్నే ట్రాలీ మీద తీసుకువెళ్లి, కట్టుడు పళ్లు తీయించి, చేతికి మందు ఎక్కించే సూది గొట్టం (కాన్యులా) పెట్టారు. ఆ నరంలోంచి చల్లగా మందు ఎక్కడం వరకే నాకు గుర్తు. తర్వాత జరిగేది మా అబ్బాయి అడిగితే డాక్టరు గారు చెప్పారు: మత్తు పట్టాక కండరాలు సడలించే సక్సినైల్ కోలీన్ ఇస్తారు, నాలుక తెగకుండా నోట్లో గార్డు పెడతారు, ఒక కాలికి బీపీ పట్టీ బిగించి ఆ కాలిలోకి సడలింపు మందు చేరకుండా ఆపుతారు. కణతల దగ్గర కొన్ని సెకన్లు కరెంటు ఇస్తే మెదడులో మూర్ఛ మొదలవుతుంది. ఒళ్లంతా కదలకుండా ఉన్నా ఆ ఒక్క పాదం అదురుతూ ఉంటుంది, దాన్నీ ఈఈజీ గీతల్నీ చూసి ఎంతసేపు నడిచిందో లెక్కిస్తారు. సాధారణంగా అదంతా ఒక నిమిషం లోపే. లేచేసరికి ముఖానికి ఆక్సిజన్ మాస్కు, తలనొప్పి, ఎక్కడున్నానో తెలియని అయోమయం. వారానికి రెండు మూడుసార్ల చొప్పున ఇచ్చారు. ఇది ఎలా పనిచేస్తుందన్నది వైద్యశాస్త్రంలో ఇంకా పూర్తిగా తేలలేదు, కానీ భ్రమలతో కూడిన డిప్రెషన్‌లో ఇంతటి ఫలితం ఇచ్చే చికిత్సలు తక్కువ.

మొదట తిరిగి వచ్చినది సంతోషమనుకుంటారు ఎవరైనా. నాకు వచ్చినది చిరాకు. కాన్యులా పెట్టినచోట వాచి సలుపుతోందని నర్సమ్మ మీద విసుక్కున్నాను. ఆ అమ్మాయి నవ్వి, “మీకు నొప్పెడుతోందా తాతగారూ?” అని అడిగింది. నొప్పెడుతోంది, నాకే. తర్వాత ఒక పూట టీలో పంచదార ఎక్కువైందని కప్పు పక్కన పెట్టేశాను, మా ఆవిడ ఆ కప్పు పట్టుకుని అందరికీ చూపించిందట. ఆకలి చాలా ఆలస్యంగా వచ్చింది. చనిపోయానన్న నమ్మకం ఏ క్షణాన పోయిందో చెప్పలేను. ఎవరూ దాన్ని ఖండించి గెలవలేదు, నేనూ ఓడిపోలేదు. రోజూ ఆ నమ్మకాన్ని తడుముకునేవాణ్ణి కాస్తా తడుముకోవడం మరిచిపోయాను.

ఈసీటీకి జ్ఞాపకం రూపంలో మూల్యం చెల్లించాను. ఆ శీతాకాలంలో జరిగిన మా తమ్ముడి కూతురి నిశ్చితార్థం నాకు గుర్తు లేదు, ఫోటోలు చూసి తెలుసుకోవాల్సిందే. తర్వాత డిప్రెషన్‌కు సెర్ట్రలిన్, భ్రమలకు ఒలాంజపిన్ మాత్రలు కొనసాగించారు. ఒలాంజపిన్‌తో బరువు, షుగరు పెరుగుతాయి కాబట్టి రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉన్నాను.

ఇంట్లో ఎవరైనా నాలో ఏమీ లేదు, నేను పోయాను అంటుంటే వాళ్లతో వాదించడం అనవసరం. ఔననడం అంతకంటే చెడ్డది. “అలా అనిపించడం ఎంత కష్టమో” అంటూ మా ఆవిడ నా పక్కన కూర్చున్న పూటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, రుజువులు చూపిన పూటలు అన్నీ ఒకటిగా కలిసిపోయాయి. వాళ్లు అన్న మాటల్ని అలాగే కాగితం మీద రాసి సైకియాట్రిస్ట్‌కు చూపించాలి, తిండి నీళ్లు తగ్గితే ఆ రోజే తీసుకువెళ్లాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడతారు.

మందులు ఆపేయమని నేను అడిగినప్పుడల్లా డాక్టరు గారు ఇంకొంత కాలం ఆగమంటున్నారు, తగ్గించినా నెమ్మదిగానే అంటున్నారు. మా ఆవిడకూ నాకూ మధ్య ఒక ఒప్పందం ఉంది: తెల్లవారుజాము మెలకువ వరుసగా కొన్ని రోజులు వచ్చినా, కూరలో ఉప్పు లేదని నేను గమనించడం మానేసినా, నా అభిప్రాయం అడగకుండా ఆమె విశాఖపట్నానికి ఫోను చేస్తుంది.